దేవతలంటారు... డ్యూటీ చార్టు మార్చరు!

వృద్ధులను, మంచాన పడ్డవారిని ఏళ్ల తరబడి చూసుకునే కేంద్రాల్లో సిబ్బంది నిలవడం లేదంటూ మళ్లీ అదే గగ్గోలు. మళ్లీ అదే మందు: కొత్తగా చేరేవారికి బోనస్, ఉన్నవారికి ప్రశంసాపత్రం. చిల్లు కుండలో నీళ్లు పోసే ఈ పని ఇంకెన్నాళ్లు? కొవిడ్ రోజుల్లో వీళ్లను దేవతలన్నారు. ఆ దేవతల రాత్రి షిఫ్టు ఎలా ఉంటుందో ఒక్కసారైనా లెక్క వేశారా?

మంచం మీద కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే పిరుదుల మీద, మడమల దగ్గర చర్మం కమిలి పుండు పడుతుంది. తిప్పడం, తడిసిన డైపర్ మార్చడం, చర్మం పరీక్షగా చూడటం, దిండ్లు సర్దడం... ఎంత చేయి తిరిగిన ఆయాకైనా ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. అలాంటి ఇరవై మందిని ఒక్కరికే అప్పగిస్తే ఒక చుట్టుకు 200 నిమిషాలు కావాలి. ఆమె చేతిలో ఉన్నవి 120. అంటే ప్రతి చుట్టులో ఎనిమిది మందిని వదిలేయాల్సిందే. ఎవరిని వదిలేసిందో ఆమెకు తెలుసు. ఇంటికెళ్లినా ఆ ముఖాలు వదలవు. జీతం చాలక మానేసేవాళ్లున్నారు, ఈ బాధ తట్టుకోలేక మానేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అంకితభావం లేదనడం పచ్చి కపటం.

నడుము సంగతి సరేసరి. అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నా సరే, రోగిని కదిపేటప్పుడు ఒకరు చేతులతో మోసే బరువు సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ నిపుణుల సిఫార్సు. కేంద్రాల్లో ఎత్తే యంత్రం ఉన్నా, రోగిని అందులో పట్టి ఉంచే గుడ్డ పట్టీ (స్లింగ్) సరైన సైజుది ఉండదు, బ్యాటరీ ఛార్జి అయి ఉండదు. చివరికి చేతులతోనే ఎత్తుతారు.

డబ్బు లేదని, ఫీజు పెంచితే కుటుంబాలు మోయలేవని యాజమాన్యాలు అంటాయి. అందులో కొంత నిజముంది. మరి మానేసినవారి చోట ఏజెన్సీ మనిషికి ఎక్కువ చెల్లించడానికి డబ్బు ఎక్కడిది? పైగా అన్నిటికీ డబ్బే అక్కర్లేదు. డ్యూటీ చార్టు నాలుగు వారాల ముందే ఇవ్వండి. రోజూ అదే సిబ్బందికి అదే వృద్ధులను అప్పగించండి. పెద్దాయన సగమే తింటున్నాడని, కాలు వాచిందని ముందు పసిగట్టేది రోజూ చూసే మనిషే. ఆ మనిషిని చికిత్స గురించి మాట్లాడే సమావేశానికి పిలవండి. కొత్తవారు మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా జారిపోతారు. కాబట్టి వారికి దారి చూపే సీనియర్‌కు పని తగ్గించి, భత్యం ఇవ్వండి. పదేళ్ల అనుభవానికీ నిన్న చేరినవారికీ జీతంలో తేడా లేనప్పుడు, చేరినందుకు బోనస్ ఇవ్వడమంటే పాతవారిని అవమానించడమే.

ప్రభుత్వాలదీ ఇదే కపటం. అమెరికా 2024లో ఇలాంటి కేంద్రాల్లో ఒక్కో వృద్ధుడికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సంరక్షణ ఉండాలని నిబంధన తెచ్చింది. 2025లో కోర్టు దాన్ని కొట్టేసింది. సంపన్న దేశాల్లో ఈ పని చేసేవారిలో పదింట తొమ్మిది మంది మహిళలే. ఇంట్లో ఊరికే చేసేదే కదా అన్న చులకన ఇంకా పోలేదు.

యాజమాన్యాలకు మా మాట ఒక్కటే. సన్మానసభ తేదీ తర్వాత చూసుకోవచ్చు. రాత్రి షిఫ్టులో రెండో మనిషి పేరు రాసి, వచ్చే నెల చార్టు ఈ వారమే గోడకు అంటించండి. అది చేతకాకపోతే, సిబ్బంది దొరకడం లేదని ఇంకెవరి ముందూ వాపోకండి.