సవరణ: మధ్య భాగం పట్టు గురించి నేను రాసినది తప్పు

అమలాపురం దగ్గర కొబ్బరితోటలో మేము ఆడిన పెయింట్‌బాల్ (రంగు గుండ్లు పేల్చి, తగిలినవాళ్లను ఆట నుంచి తప్పించే జట్ల ఆట) గురించి గత వారం రాస్తూ, ‘ఆట మొదలవగానే అయిదుగురూ మధ్యకు పరుగెత్తి వరుసగా నిలబడితే మైదానం మనదే’ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు గెలిచాం కాబట్టి అలా అనిపించింది. ఎదుటి జట్టుకు అదే మొదటి ఆట అన్న సంగతి మాత్రం రాయలేదు!

ఒక చోటును అదుపులో ఉంచడానికి అక్కడే నిలబడనక్కర్లేదు. రెండు చాటుల మధ్య ఎదుటివాడు దాటక తప్పని ఖాళీ ఉంటుంది. మనిషి కనబడకముందే ఆ ఖాళీలోకి రంగు గుండ్లు వరుసగా పంపుతూ ఉంటే చాలు. ఆటగాళ్లు దాన్నే లేన్ అంటారు. అందరూ ఒకే వరుసలో ఉంటే గుండ్లన్నీ ఒకే వైపు నుంచి వెళ్తాయి. కొబ్బరి మాను వెనక ఉన్నవాడు ఆ ఒక్క వైపు కాచుకుంటే సరిపోతుంది. ఇద్దరు వేర్వేరు కోణాల నుంచి గురిపెడితేనే అతనికి చాటు లేకుండా పోతుంది. నిజానికి ఆ రోజు పంటబోదె గట్టు వెంట పాకుతూ వెళ్లిన మా కుర్రవాడు చేసింది అదే. ఘనతంతా మధ్యలో నిలబడినవాళ్లకు కట్టబెట్టాను. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇంకొకటి. గుండు వేగం సెకనుకు 300 మీటర్లని రాశాను. అవి అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు. చాలా మైదానాల్లో అనుమతించే గరిష్ఠ వేగం దాదాపు అంతే. కన్ను పోవడానికి అదీ చాలు కాబట్టి, మాస్కు తీయవద్దన్న మాటలో మార్పు లేదు.