ప్లే బటన్ గారి దివ్య సముఖానికి

అయ్యా,

తమరుండే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో, క్లారినెట్ లైనులో నేను రాసింది సీ స్వరం. తమరు మోగించింది బి ఫ్లాట్. రాత్రి పదకొండింటికి నా చెవుల మీద అనుమానం వచ్చింది. పన్నెండింటికి హెడ్‌ఫోన్స్ మీద. ఒంటిగంటకి అసలు నాకు సంగీతం వచ్చా అని.

తప్పు తమది కాదని తరవాత తెలిసింది, అదే ఎక్కువ మండింది. బి ఫ్లాట్ క్లారినెట్ పుట్టుకే అంత: కాగితం మీద సీ చూసి రెండు సెమీటోన్లు, అంటే నల్లవీ తెల్లవీ కలిపి రెండు పియానో మెట్లు, కింద పలుకుతుంది. ఎఫ్ హార్న్ ఏడు, ఆల్టో శాక్సొఫోన్ తొమ్మిది కిందికి. ఈ ముక్క తెలియక పైనున్న ‘కాన్సర్ట్ పిచ్’ బటన్‌ని తెగ నొక్కాను. నొక్కినప్పుడల్లా నోట్లు మెట్లెక్కి దిగాయి, మోత మాత్రం ఇంచు కదల్లేదు. అది మార్చేది కంటికి కనిపించేదాన్నే, చెవికి వినిపించేదాన్ని కాదట!

సరే, అక్కడ తమరిదే రైటు. మరి రెండో లైను సంగతేమిటి? అది మొదట, రాసింది రాసినట్టే పలికే ఫ్లూట్‌కి రాసుకున్నది. మనసు మారి, పక్కనున్న పేరు చెరిపి ‘క్లారినెట్’ అని టైపు చేశాను. తమరు మారుమాట్లాడకుండా సీని సీగానే, ఎంతో తియ్యగా మోగించారు. పొంగిపోయాను. ప్రింటు తీసి క్లారినెట్ వాయించే ఆయన చేతికిస్తే, ఆయన ఊదిన మొదటి స్వరానికే పక్కనున్న పియానో మనిషి తలెత్తి చూశాడు. గుమ్మం మీద బోర్డు మార్చినంత మాత్రాన ఇంట్లో మనిషి మారడని, పేరు కాదు, వాద్యాన్నే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలని అప్పుడు తెలిసింది. నేను ఒప్పుగా రాస్తే తప్పులా వినిపిస్తారు, తప్పు రాస్తే శభాష్ అంటారు. ఇదేం న్యాయం స్వామీ?

టెనర్ అనే మగగొంతు లైను ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి ఎగిరిపోయిన గొడవ చిన్నదే. లైను మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు తోకకి వేలాడుతూ, ఒక ఆక్టేవ్ కింద పలకమని చెప్పాల్సిన చీమతలంత 8 లేదు, అంతే.

ఆడియో ఫైలు విషయంలో మాత్రం తమర్ని అనవసరంగా తిట్టాను, క్షమించాలి. సెకనుకి 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) రేటుతో తమరు ఇచ్చినదాన్ని ఇంకో ప్రోగ్రాం 48,000 అనుకుని మోగించింది. శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోయింది, పాట కూడా ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తింది. ఆ పరుగు వల్లే దొంగ దొరికాడు. శ్రుతితో పాటు వేగం కూడా మారిందంటే వాద్యాల జోలికి పోకుండా ముందు శాంపిల్ రేటు చూడాలి. ఇంత చిన్న మాట తమరి హెల్ప్ పేజీలో ఎక్కడుందో వెతికే ఓపిక నాకు లేకపోయింది.

ప్రస్తుతానికి క్లారినెట్ దారికొచ్చింది. హార్న్ ఇంకా వినలేదు. తెల్లారాక నొక్కుతాను.

ఇట్లు,
తమరి శ్రోత

తా.క.: అన్ని స్వరాలకీ ఆధారమైన ఎ స్వరం ఎన్ని హెర్ట్జ్‌లో చెప్పే ట్యూనింగ్ గడిలో 440 ఉండాల్సిన చోట 432 ఉంది. సెమీటోన్‌లో మూడోవంతు కిందికి. నేనైతే పెట్టలేదు. ఒంటిగంట తరవాత ఏమేం నొక్కానో మాత్రం అడక్కండి.