వాకిలి ఎక్కడిదాకా?

జపాన్ చూసొచ్చినవాళ్ళకి సొంత ఊరు మునుపటిలా కనిపించదంటారు. ఆ మారిన చూపు నిలిచేదా, నెల తిరిగేసరికి దిగిపోయే మత్తా? నిలుస్తుందని వదిన వాదన. మత్తేనని ఆడపడుచు పద్మ వాదన.

వదిన: చూపు మారేది ఫ్యూజీ కొండ దగ్గరా కాదు, క్యోటో గుళ్ళ దగ్గరా కాదు పద్మా. చేతిలో ఖాళీ సీసా పట్టుకుని దిక్కులు చూస్తున్నప్పుడు మారుతుంది. టోక్యోలో వీధి మీద చెత్తబుట్ట దొరకడం కష్టం. 1995 మార్చి 20న సబ్‌వే రైళ్ళలో సారిన్ విషవాయువుతో దాడి జరిగాక, స్టేషన్లలో, వీధుల్లో చాలావాటిని తీసేశారు. డ్రింకుల మెషీన్ పక్కన గుండ్రటి కన్నంతో ఒక డబ్బా ఉంటుంది కానీ అది సీసాలకీ టిన్నులకీ మాత్రమే. అందులో బిస్కెట్ ప్యాకెట్ కుక్కితే తప్పు. అందుకే రెండో రోజు నుంచి సంచిలో ఒక ఖాళీ కవరు పెట్టుకుని బయల్దేరాల్సిందే. పది రోజులు అలా తిరిగిన చెయ్యి, ఇక్కడ కారు అద్దం దించి ఏదైనా విసరబోతే దానంతటదే ఆగుతుంది.

పద్మ: ఆగుతుంది, ఎన్నాళ్ళు? ఆ కవరు మోసుకెళ్ళి ఎక్కడ వేస్తాడో కూడా చెప్పు వదినా. హోటల్ గదిలో బుట్టలో పడేస్తాడు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది, అదతను చూడడు. అక్కడ కాపురం ఉండేవాళ్ళ సంగతి వేరు. వంటింటి గోడకి మున్సిపాలిటీ ఇచ్చిన పట్టిక వేలాడుతుంటుంది: కాలే చెత్త ఏ వారాల్లో, కాలనిది ఎప్పుడు, సీసాలు ఎప్పుడు, పాత కాగితాలు ఎప్పుడు అని. ప్లాస్టిక్ సీసాకైతే మూత తియ్యాలి, పైన లేబుల్ చింపాలి, కడగాలి, నొక్కాలి. చాలా ఊళ్ళలో పొద్దున ఎనిమిదింటిలోపు చెప్పిన చోట పెట్టెయ్యాలి. కాకులు పీక్కుండా పైన వల కప్పాలి. రోజు తప్పినా రకం తప్పినా బండివాడు సంచికి ఒక స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తాడు. ఎవరి సంచో వీధి మొత్తానికి తెలిసిపోతుంది. ఇదంతా ఉంది కాబట్టి ఆ మనిషి చెత్త ఇంటికి మోసుకెళ్తాడు. మనవాడు ఎక్కడికి మోసుకెళ్ళాలి? తడి, పొడి, ప్రమాదకర చెత్త వేరు చెయ్యాలని 2016 నిబంధనల్లోనే రాశారు. వేరు చేసి ఇచ్చినదాన్ని బండిలో ఒకే కుప్పగా పోస్తే రెండోసారి ఎవడు వేరు చేస్తాడు?

వదిన: నువ్వు నా పక్షానే మాట్లాడుతున్నావు. ఆ పట్టిక ఆకాశం నుంచి ఊడిపడిందా? టోక్యో సముద్రపు ఒడ్డున యుమెనోషిమా అని ఒక చెత్త దిబ్బ ఉండేది. ఆ పేరుకి కలల దీవి అని అర్థం, వెటకారం చూడు. 1965 వేసవిలో అక్కడ పుట్టిన ఈగల దండు కోటో వార్డు ఇళ్ళ మీద పడితే, దిబ్బకే నిప్పు పెట్టి చంపాల్సి వచ్చింది. 1971లో టోక్యో గవర్నర్ మినోబె రియోకిచి 'చెత్త యుద్ధం' ప్రకటించాడు. తమ దగ్గర కాల్చే ప్లాంటు వద్దని సుగినామి వార్డువాళ్ళు అడ్డుపడుతుంటే, అయితే మీ చెత్త మా మీదికి రావద్దని 1973లో కోటోవాళ్ళు వాళ్ళ బండ్లకి అడ్డం నిలబడ్డారు. నగోయా నగరం సంగతి ఇంకా ఈమధ్యది. ఫుజిమాయె చిత్తడి నేలలో చెత్త పొయ్యాలనుకున్నారు. వలస పక్షులు దిగే చోటని జనం అడ్డుకుంటే 1999లో మానుకున్నారు. పోసే చోటు లేక నగరం అత్యవసర ప్రకటన చేసింది. వేరు చెయ్యడం మొదలెట్టాక రెండేళ్ళలో చెత్త ఇరవై శాతానికి పైగా తగ్గింది. మన డంపింగ్ యార్డుల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఈ రోజు చేస్తున్న గొడవే అది. ఈ కథ తెలిసినవాడు ఊరికొచ్చి 'మనవాళ్ళు ఇంతే' అనలేడు.

పద్మ: తెలిసినవాడు అనడు. పది రోజుల టూరులో ఈ కథ ఎవడికి తెలుస్తుంది? వచ్చినవాడు అనేది ఒకటే మాట: 'అది వాళ్ళ రక్తంలోనే ఉంది.' ఆ మాట అన్నాక ఇక చెయ్యడానికేం మిగలదు, ఊరిని తిట్టడం తప్ప. ఇంకోటి, శుభ్రం చేసేవాళ్ళు అతని కంటికి ఆనరు. టోక్యో స్టేషన్లో షింకన్‌సెన్‌ బుల్లెట్ రైలుని 7 నిమిషాల్లో తుడుస్తారని వీడియో తీసుకొస్తాడు. రైలు ఆగేది 12 నిమిషాలు. దిగడానికి 2, ఎక్కడానికి 3 పోతే మిగిలేవి ఆ 7. దాదాపు వంద సీట్ల బోగీకి ఒక మనిషి: సీట్లన్నీ తిప్పాలి, పైఅర చూడాలి, బల్లలు తుడవాలి, నేల ఊడవాలి. అది ఎలా కుదురుతుందో మటుకు వీడియోలో ఉండదు. దిగేవాళ్ళు ఎవరి చెత్త వాళ్ళు తలుపు దాకా తెచ్చి, అక్కడ సంచి తెరిచి పట్టుకున్న మనిషికి ఇచ్చి పోతారు. మన రైల్వే 2023 అక్టోబర్ నుంచి వందే భారత్‌లకి 14 నిమిషాల శుభ్రం పెట్టింది. పల్లీ పొట్టు, అన్నం ట్రేలు సీటు కిందే వదిలేసి దిగితే 14 కాదు, 40 అయినా చాలవు.

వదిన: మరి ట్రే పట్టుకుని లేచేది ఎవరంటావు? అక్కడ ఒకసారి పట్టుకుని లేచినవాడే. సరే, చెత్త వదిలేద్దాం, గడప దగ్గరికి రా. జపాన్ ఇంట్లో తలుపు తియ్యగానే గెన్‌కన్ అని ఒక పల్లపు జాగా. చెప్పులు అక్కడ విప్పి, మేజోళ్ళతో ఆ పల్లాన్ని తొక్కకుండా నేరుగా పై మెట్టు మీద కాలు పెట్టాలి. చెప్పుల ముక్కులు వీధివైపు తిప్పి పెట్టాలి. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు. వాటితోనే తిరిగొచ్చి గడ్డి చాప తొక్కడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. స్నానాల ఇంట్లో ముందు పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, సబ్బు నురగంతా పోయేలా కడుక్కున్నాకే అందరూ దిగే వేడినీళ్ళలో దిగాలి. తువ్వాలు కూడా ఆ నీళ్ళకి తగలకూడదు. అన్నం తినే పుల్లలతో ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి తిండి అందించకూడదు, ఎందుకంటే దహనం తర్వాత అస్థికలు అలా అందుకుంటారు. వేరే దేశపువాడు ఇవన్నీ బట్టీ పట్టాలి. కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మనే ఇంట్లో, ఎంగిలి, మైల అనే మాటల మధ్య పెరిగినవాడికి కారణం చెప్పక్కర్లేదు. అక్కడ నిలబడితే మన ఇల్లు తక్కువగా అనిపించదు పద్మా, చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది.

పద్మ: ఇది ఒప్పుకుంటా. కానీ ఈ చుట్టరికం గడప లోపలే.

వదిన: అదే చెప్పబోతున్నా. వాళ్ళూ వాకిట్లో నీళ్ళు చల్లుతారు, ఉచిమిజు అంటారు. దుమ్ము అణగడానికి, వేడి తగ్గడానికి. మన కల్లాపికి పేడ ఉంది, ముగ్గు ఉంది, దానికి లేవు, అంతే తేడా. క్యోటో పాత వీధుల్లో పొద్దున్నే వాకిలి ఊడ్చేవాళ్ళు పక్కింటి ముందు కూడా ఒక షకు, అంటే ఇంచుమించు 30 సెంటీమీటర్లు ఊడుస్తారు. అంతకు మించితే పక్కింటివాళ్ళని ఎత్తిపొడిచినట్టవుతుంది. అసలు ఊడవకపోతే అది నా హద్దు, ఇది నీ హద్దు అని గీత గీసినట్టవుతుంది. మనమూ రోజూ ఊడుస్తాం. ఊడ్చిందంతా తీసుకెళ్ళి మురిక్కాలవలో తోస్తాం. ఆ ఒక్క అడుగు తేడా కళ్ళారా చూసినవాడు మన వాకిలి ఎక్కడ ఆగిపోతోందో కనిపెడతాడు.

పద్మ: ఆ ఊడ్చేది ఎవరో కూడా కనిపెడితే బాగుండు. తెల్లారుజామున కల్లాపి చల్లేది ఆడవాళ్ళో పనిమనిషో. మురిక్కాలవలోంచి దాన్ని ఎత్తేది ఏ కులంవాళ్ళో చెప్పక్కర్లేదు. మనుషుల చేత మలం ఎత్తించకూడదని 2013లో ఇంకో చట్టం చేసుకోవాల్సొచ్చిన దేశం ఇది. అక్కడి బళ్ళలో పిల్లలు రోజూ పావుగంటో ఇరవై నిమిషాలో గదులు, వరండాలు తుడుస్తారని మురిసిపోయి వచ్చి, ఇక్కడా పెట్టాలంటారు. ఇక్కడ సర్కారు బళ్ళో పిల్లల చేతికి చీపురిస్తే పేపర్లో వస్తుంది, రావాలి కూడా. మరుగుదొడ్డి కడగమని ఏ పిల్లని పిలుస్తారో మనకి తెలియదా?

వదిన: అందుకే చీపురు కాదు, వంతు తెచ్చుకోవాలి. అక్కడ తోబాన్ అని గోడ మీద గుండ్రటి అట్ట ఉంటుంది. వారం తిరిగితే అట్ట ఒక గడి తిరుగుతుంది. గుమ్మాలు తుడిచిన జట్టు ఈ వారం నల్లబల్లకి, నల్లబల్ల తుడిచినవాళ్ళు మెట్లకి. అన్నం వడ్డించే పనీ అంతే. ఎవరి పేరూ ఒక పనికి అతుక్కుపోదు. తన వంతు వచ్చినా డాక్టరు కొడుకు మెట్లు తుడవని వారం వస్తే ఆ పద్ధతి చచ్చినట్టే.

పద్మ: చస్తుంది కూడా. మన ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటులో వంతు పెట్టు. మొదటి వారం ఫోటోలు దిగుతారు. రెండో వారం సగంమంది ఊళ్ళో ఉండరు. మూడో వారం పనిమనిషిని పంపిస్తారు. నాలుగో వారానికి వాచ్‌మన్ భార్య చేస్తుంటుంది, నెలకి ఇంకో ఐదువందలకి.

వదిన: ఆ తలనొప్పి వాళ్ళకీ ఉంది. కొన్ని పేటల్లో కాలవలు బాగుచేసే రోజున రాని ఇంటి దగ్గర డబ్బు వసూలు చేస్తారు. దాని మీద తగువులూ ఉన్నాయి. ముసలివాళ్ళున్న ఇంటికి ఏం చెయ్యాలి, రాత్రి డ్యూటీవాళ్ళకి ఏం చెయ్యాలి అని.

పద్మ: డబ్బు కట్టి తప్పించుకునే దారి ఉందంటే మనవాళ్ళు ముందు ఆ దారే పడతారు. నువ్వు నిజంగా పట్టిక వేస్తే, పనిమనిషిని పంపితే వంతు లెక్కలోకి రాదని అన్నిటికంటే పైన రాయి.

వదిన: రాస్తా. ఆదివారం మొదటి వంతు మీ అన్నయ్యది.

పద్మ: అన్నయ్యకి మన ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలుసా వదినా?