పోటీ ముందురోజు రాత్రి కొత్త నోట్‌బుక్ ఇవ్వకండి

రేపు పోటీ అనగా ఈ రాత్రి అథ్లెట్ చేతిలో కొత్త నోట్‌బుక్ పెట్టి "మంచి విషయాలు రాసుకో, నిద్ర అదే పడుతుంది" అనే కోచ్‌లకి ఒక్క విన్నపం: ఆ పని మానండి. కృతజ్ఞతా డైరీ మంచిదే, కానీ అలవాటు పడ్డాకే. ఆ రాత్రే మొదలుపెట్టిస్తే అది ఇంకో పరీక్ష అయి కూర్చుంటుంది. "రాశాను కదా, ఇంకా నిద్ర రాదేంటి?" అన్న కంగారు అదనం.

రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టించండి. పడుకోవడానికి గంట ముందు, కుర్చీలో కూర్చుని, కాగితం మీద. ఫోన్‌లో వద్దు. రాస్తుండగానే మ్యాచ్ టైమ్ మారిందని మెసేజ్ వస్తే ఇక అంతే సంగతులు.

ముందు రాయాల్సింది కృతజ్ఞత కాదు, రేపటి పనులు. లేచే టైమ్, బస్సు, కిట్‌లో స్పైక్స్, వార్మప్ ఎప్పుడు, అన్నీ. 2018లో అచ్చయిన, అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ ప్రయోగంలో, పడుకునే ముందు 5 నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. జాబితా వివరంగా ఉన్నకొద్దీ నిద్ర తొందరగా పట్టింది.

ఆ తర్వాత మూడు కృతజ్ఞతలు, చాలు. "కోచ్‌కి థాంక్స్" అని రోజూ రాస్తే వారానికల్లా చేయి రాస్తుంది, మనసు అక్కడ ఉండదు. "సాయంత్రం పిక్క పట్టేస్తే ఫిజియో తన భోజనం ఆపుకుని వచ్చి టేప్ మార్చింది" అని రాస్తే ఆ మనిషి కళ్లముందు కనిపిస్తుంది. "రేపు గెలిచినందుకు కృతజ్ఞతలు" మాత్రం అస్సలు రాయించకండి. ఆ మాటతో బుర్ర మళ్లీ ఫైనల్లోకి వెళ్లిపోతుంది, గుండె దడ మొదలవుతుంది. గాయంతో మండిపోతున్నవాళ్లతో బలవంతంగా కృతజ్ఞత రాయించడం ఇంకా అన్యాయం. ఆ రోజు కోపమే రాయనివ్వండి.

ఇంత చేసినా ఆ రాత్రి నిద్ర చెడొచ్చు. చాలామంది మంచి అథ్లెట్లకీ చెడుతుంది. ముందు వారమంతా రోజూ అరగంటో గంటో ఎక్కువ పడుకున్నవాళ్లకి ఒక్క రాత్రితో పెద్దగా పోయేదేం లేదని ముందే చెప్పండి. గడియారం అటు తిప్పేయమనండి. ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాక తిరిగి మంచమెక్కమనండి. అలవాటు లేని నిద్రమాత్ర మాత్రం ఆ రాత్రి వద్దే వద్దు, మర్నాడు పొద్దున కూడా మత్తు వదలకపోవచ్చు.