రెండు నిమిషాల టెంటు గురించి తిరుగుతున్న ఫార్వర్డ్‌కు జవాబు

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ఆఫ్‌రోడ్ ట్రైలర్ (కారు వెనక కచ్చా దారుల్లోనూ లాక్కెళ్ళే చిన్న బండి) మీద బిగించి, నిచ్చెనెక్కి పడుకునే రూఫ్‌టాప్ టెంటు రెండు నిమిషాల్లో రెడీ అవుతుంది. ఏ ట్రైలర్ మీదైనా బిగించుకోవచ్చు. నేలకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పాము, చిరుత, ఏనుగు ఏదీ దరిచేరదు. వాటర్‌ప్రూఫ్ కాబట్టి వానైనా టెన్షన్ లేదు. ట్రైలర్‌కు ఇంజన్ లేదు కనుక రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తలకోనో, మామండూరో, ఎక్కడ నచ్చితే అక్కడ నిలుపుకుని పడుకోవచ్చు.

ఇందులో పాము మాట ఒక్కటే చాలావరకు నిజం. మిగతావి చూద్దాం.

రెండు నిమిషాలన్నది టెంటు తెరుచుకునే సమయం. అంతవరకు ఒప్పుకుందాం. గట్టి పెట్టెలా ఉండే రకానికి రెండు క్లిప్పులు తీస్తే గ్యాస్ రాడ్లు దాన్ని పైకి లేపేస్తాయి. మడత రకానికి కవరు ఊడదీసి, నిచ్చెన పట్టుకుని లాగితే టెంటు అడుగు పలకలో సగం ట్రైలర్ బయటికి విచ్చుకుంటుంది. ఆ తర్వాత కిటికీల మీది గుడ్డకు ఇనుప పుల్లలు గుచ్చాలి. వీడియోలో ఇంతే చూపిస్తారు. అసలు పనంతా దానికి ముందు ఉంది, దాన్ని కత్తిరించేస్తారు.

ట్రైలర్ నిలబెట్టడంలో వరస తప్పకూడదు. కారు నుంచి విప్పకముందే అడ్డంగా మట్టం చూసుకోవాలి. ఒక పక్క పల్లంగా ఉంటే ఆ చక్రం కింద చెక్క వేసి, కారుతోనే దాని మీదికి ఎక్కించాలి. ఒకసారి విప్పేశాక ముందరి చిన్న చక్రంతో ముందువెనకల మట్టం సరిచేయొచ్చు కానీ, అడ్డం మట్టం చేతికి రాదు. మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఒకటి ట్రైలర్‌లో పడేసుకుంటే చాలు. మట్టం కుదిరాక చక్రాలకు రెండు వైపులా ఆపులు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అప్పుడు కారు విప్పాలి. ఆ తర్వాత నాలుగు మూలల కాళ్ళు దించాలి, మన్ను మెత్తగా ఉంటే కింద పలక వేయాలి. ఈ కాళ్ళు ఉన్నది ట్రైలర్ ఊగకుండా ఆపడానికే. వాటితోనే ట్రైలర్‌ను పైకి లేపబోయి కాళ్ళు వంచుకునేవాళ్ళు చాలామంది. ఇదంతా అయ్యాకే టెంటు ముట్టుకోవాలి. అలవాటైన చేతికి కూడా ఇది పావుగంట పని, చీకటి పడితే ఇంకాస్త ఎక్కువ.

వరస ఎందుకంత ముఖ్యమంటే, మడత టెంటు వెనక్కి తెరుచుకునేటట్టు బిగించారనుకోండి. ఇద్దరు పెద్దవాళ్ళు ఎక్కి పడుకుంటే నూటముప్పై, నూటనలభై కిలోలు ఇరుసు దాటి వెనకాల పడతాయి. కారు విప్పి ఉండి, వెనక కాళ్ళు దించకపోతే ముందరి చక్రం గాల్లోకి లేస్తుంది, వెనక భాగం నేలకు కొడుతుంది. పైన ఉన్నవాళ్ళకు ఏం జరిగిందో తెలిసేలోపే పని అయిపోతుంది. నిచ్చెనదీ అదే సంగతి. మడత టెంటులో బయటికి వచ్చిన సగానికి ఆ నిచ్చెనే స్తంభం. ప్రతి మెట్టు పిన్నూ టక్కుమని పడిందో లేదో చేత్తో తడిమి చూడండి. వాన పడిన మన్నులో నిచ్చెన పాదాలు రాత్రికి రాత్రి దిగబడతాయి, వాటి కిందా పలక ఉండాలి.

ఏ ట్రైలర్ మీదైనా బిగించుకోవచ్చా? నిలబడి ఉన్నప్పుడు మోసే బరువు వేరు, కదులుతున్నప్పుడు మోసే బరువు వేరు. టెంటు ఒక్కటే యాభై నుంచి ఎనభై కిలోలు ఉంటుంది. కదలనప్పుడు దాని మీద మనుషులెక్కినా, టెంటును మోసే ఇనుప స్టాండు తట్టుకోవచ్చు. గుంతల రోడ్డులో మాత్రం ఖాళీ టెంటే ప్రతి కుదుపుకూ తన బరువుకు ఎన్నో రెట్లు గుద్దుతుంది. వెల్డింగ్ షెడ్డులో నాలుగు చదరపు పైపులు నిలబెట్టి పైన ఫ్రేము అతికించేసిన స్టాండు మొదట మూలల దగ్గరే పగులుతుంది. ప్రతి మూలకూ త్రికోణం ప్లేటు వేయించండి. టెంటు అడుగునుండే పట్టాలకు సాధారణంగా ఎం8 (ఎనిమిది మిల్లీమీటర్ల) బోల్టులు వస్తాయి, వాటికి నైలాక్ నట్లు (కుదుపులకు వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) వాడండి. మొదటి కచ్చా రోడ్డు దాటగానే ఆగి 13 నంబరు స్పానర్‌తో ఒకసారి తిప్పి చూడండి, ఏదో ఒకటి వదులై ఉంటుంది.

ఎత్తు మీద బరువు పెరిగితే మలుపుల్లో ఊపు పెరుగుతుంది. భాకరాపేట కనుమ దిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్ళ క్యాన్లు, బ్యాటరీ కింద, ఇరుసుకు కాస్త ముందుకు ఉండాలి. మొత్తం బరువులో దాదాపు పదో వంతు హిచ్ (కారుకు ట్రైలర్ తగిలించే చోటు) మీద పడేలా సర్దుకోవాలి. వెనకాల బరువెక్కువైతే ట్రైలర్ తోక ఆడిస్తుంది.

ఇక జంతువులు. పాములు, తేళ్ళు, నేల మీద పారే నీళ్ళు, వీటి నుంచి ఎత్తు కాపాడుతుంది. నిచ్చెన కింద వదిలిన చెప్పులను మాత్రం కాపాడదు, పొద్దున దులిపి వేసుకోండి. చిరుత సంగతి వేరు. వేటను నోట కరుచుకుని చెట్టెక్కే జంతువుకు నాలుగైదు అడుగులు ఒక ఎత్తా? 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. అంత జనం తిరిగే దారిలోనే అలా జరిగితే, ఈ తిరుపతిలోనే ఉంటూ గుడ్డ గోడను నమ్ముకోమని పిల్లలున్న ఇంటివాళ్ళకు ఎలా చెప్పగలుగుతున్నారో నాకు అర్థం కాదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల మీద పడటం అక్కడి రైతులకు తెలిసిన బాధే. పెద్ద ఏనుగు భుజం దాకానే ఎనిమిది అడుగుల ఎత్తు, తొండం ఇంకా పైకి వెళ్తుంది. టెంటులో అరటిగెల, మామిడిపళ్ళు పెట్టుకుని పడుకోవడం దాన్ని పిలవడమే.

వాటర్‌ప్రూఫ్ గురించి క్లుప్తంగా. బయటి వాన ఆగుతుంది, లోపలి తడి ఆగదు. కిటికీలన్నీ మూసేసి ఇద్దరు పడుకుంటే ఊపిరి ఆవిరి గోడలకు పట్టి, పరుపు కిందకు దిగుతుంది. హార్స్‌లీ హిల్స్ చలిలో ఇది మరీ ఎక్కువ. ఎదురెదురు కిటికీలు కాస్త తెరిచి ఉంచాలి. తడి టెంటు మడిచి తెచ్చుకోవాల్సి వస్తే, ఇల్లు చేరగానే మేడ మీదో వాకిట్లోనో తెరిచి ఆరబెట్టాలి, లేదంటే బూజు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో ఎండిన వంకలో ఇసుక బాగుందని ట్రైలర్ నిలిపే వీడియోలు చూస్తే ఒళ్ళు మండుతుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి నదికి వరద ఎలా వచ్చిందో అంత త్వరగా మరిచిపోయారా? మీరున్న చోట చినుకు లేకపోయినా కొండ మీద కురిసింది వంకలోకే దిగుతుంది.

రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది పచ్చి అబద్ధం. మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అన్న నిర్వచనంలోకి ట్రైలర్ కూడా వస్తుంది. ఇంజన్ లేకపోయినా రిజిస్ట్రేషన్ తప్పదు.

"ఎక్కడ నచ్చితే అక్కడ" అన్న సలహా మనుషులను కేసుల్లో ఇరికించేది. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని చోటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ రాత్రి గడపడం కుదరదు. రిజర్వు అడవిలోకి చొరబడటం కూడా నేరమే. పైగా ఇది ఎర్రచందనం దొంగల మీద నిఘా ఉన్న అడవి. రాత్రిపూట చెట్ల మధ్య ట్రైలర్‌తో కనిపించినవాణ్ణి ఎవరూ టూరిస్టు అని ముందుగా అనుకోరు.

తోట ఉన్నవాళ్ళను అడిగి, వాళ్ళ మామిడితోటలో నిలుపుకోవడం చాలా మేలు. అక్కడ కూడా రెండు విషయాలు ముందే అడగండి. బోరు మోటారుకు వచ్చే కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయి, టెంటు పైకి లేచాక తగలవు కదా? చుట్టుపక్కల పొలాల్లో అడవిపందుల కోసం ఎవరైనా కరెంటు తీగ లాగారా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే, రాత్రిపూట నిచ్చెన దిగి ట్రైలర్ చుట్టూ నాలుగడుగులకు మించి పోకండి.