బెంజీన్ సంగతి సరే, ఆ గుండ్రటి బాణం బటన్ సంగతేంటి?

ఎండలు ముదిరాయో లేదో, ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ బయల్దేరింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, ఆఫీసు గ్రూపులో అదే, చుట్టాల గ్రూపులో అయితే పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు. "కారెక్కగానే ఏసీ వెయ్యకండి, డ్యాష్‌బోర్డులోంచి బెంజీన్ వస్తుంది, క్యాన్సర్ ఖాయం, పదిమందికీ పంపండి." పైగా అందులో ఒక లెక్క కూడా ఉంటుంది, చదరపు అడుగుకి ఇన్ని మిల్లీగ్రాములని! గాలిలో కలిసినదాన్ని చదరపు అడుగుల్లో కొలవడమేంటండీ, అదేమన్నా మన విశాఖ మధురవాడలో ఫ్లాటా? గాలిలో ఉన్నదాన్ని ఎవరైనా ఘనపు మీటరుకి ఇంత అని చెప్తారు. రాసినవాడికి ఎంత తెలుసో చెప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు.

ఎండలో నిలబెట్టిన కారు తలుపులు తీసి, అద్దాలు దించి, లోపలి గాలి పోయాక ఏసీ వేసుకోవడం మంచి పనే. కాదనను. కొత్త ప్లాస్టిక్ వాసనలో నానా రసాయనాలూ ఉంటాయి, అదీ కాదనను. కానీ అలా చెయ్యడానికి అసలు కారణం వేడి. బయట ముప్పై ఆరు డిగ్రీలున్నా లోపల యాభై దాటుతుంది, ఎండ తగిలే డ్యాష్‌బోర్డు ఇంకా మండుతుంది. ఆ వేడిగాలిని ముందు బయటికి తోలితే ఏసీకి సగం పని తప్పుతుంది. అంతే.

నా గొడవ వేరు. బెంజీన్ అంటే బెంబేలెత్తే మనం, రోజూ కళ్లెదురుగా ఉండే బటన్లు ఏం చేస్తాయో మాత్రం ఒక్కసారి కూడా కనుక్కోం.

ఏసీ ప్యానెల్ మీద చిన్న కారు బొమ్మ, దాని కడుపులో గుండ్రంగా తిరిగిన బాణం ఉంటుంది చూడండి. ఆ లైటు వెలుగుతోందంటే బయటి గాలి లోపలికి రావడం లేదు, ఉన్న గాలే మళ్లీ మళ్లీ తిరుగుతోందని అర్థం. కారు తొందరగా చల్లబడుతుంది కాబట్టి కొన్నరోజు నొక్కినవాళ్లు అమ్మేరోజు దాకా దాని జోలికి పోరు. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 420 ఉంటుంది. అద్దాలు బిగించుకుని నలుగురు కూర్చుని ఆ గాలే పీలుస్తూ పోతే అరగంటలోపే 2000 దాటుతుంది. దాంతో ప్రాణాలేం పోవు. తల దిమ్ముగా ఉంటుంది, కళ్లు బరువెక్కుతాయి, ఆవలింతలొస్తాయి. వెనక సీట్లో వాళ్లు పడుకుంటే నష్టం లేదు, స్టీరింగు పట్టుకున్నవాడి సంగతేంటి? అన్నవరం వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు తుని దాటగానే కునుకు పడుతోందని ప్రతివాడూ చెప్తాడు. పాపం ఆ నేరమంతా ప్రసాదం మీదికీ, భోజనం మీదికీ పోతుంది. బాణం లైటు వెలుగుతూనే ఉంటుంది.

అలాగని అది పనికిరాని బటన్ కాదు. మన విశాఖలో దాని అవసరం మరీ ఎక్కువ. కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీల వెనక ఇరుక్కున్నప్పుడు నొక్కాలి. ముందున్న బస్సు నల్లపొగ కక్కుతుంటే నొక్కాలి. అది దాటగానే మళ్లీ తీసెయ్యాలి. పోర్టు పక్క పాతూరు వైపు తిరిగే కార్లవాళ్లు గ్లవ్‌బాక్స్ వెనక ఉండే ఏసీ ఫిల్టర్ కూడా ఒకసారి చూసుకోండి. మా పక్క పోర్షన్ ఆయనది నేనే బయటికి లాగాను. తెల్లగా ఉండాల్సిన మడతలు నల్లగా ఉన్నాయి, గోడకేసి తడితే బొగ్గుపొడి రాలింది. ఇంట్లో కిటికీ చువ్వల మీద దుమ్ముందని పోర్టు వాళ్లని తిట్టుకుంటాం గానీ, కారులో ఊపిరితిత్తులకి అడ్డం పెట్టిన ఆ ముక్కని మాత్రం సర్వీసింగ్ బిల్లులో "ఇప్పుడొద్దులే" అని కొట్టేయిస్తాం.

అద్దం మీద మంచు గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. మొన్న వానలో హనుమంతవాక దగ్గర సిగ్నల్‌కి ఆగాను. పక్క కారాయన చేతిలో పసుపుపచ్చ గుడ్డ, ముందద్దాన్ని లోపలినుంచి తెగ తుడుస్తున్నాడు. సిగ్నల్ పడినా తుడుస్తూనే ఉన్నాడు. ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే ఆ మంచు అద్దానికి బయట ఉంది! ఏసీ పద్దెనిమిదిలో పెట్టి గాలంతా ముందద్దానికి కొట్టిస్తే అద్దం చల్లబడిపోతుంది. సముద్రం పక్క ఊరు కదా, గాలి నిండా తేమే. ఆ తేమ వచ్చి చల్లటి అద్దం మీద బయటివైపు నీరవుతుంది. దానికి మందు వైపర్ ఒకసారి తిప్పడం, గాలిని అద్దం మీంచి మళ్లించడం, చల్లదనం కాస్త తగ్గించడం.

అదే లోపలివైపు పట్టిందనుకోండి, వైద్యం పూర్తిగా వేరు. ఏసీ ఆపకూడదు, వెయ్యాలి. ఏసీ పని చల్లబరచడం ఒక్కటే కాదు, గాలిలో తేమని పిండేస్తుంది. కారు కింద బొట్లు బొట్లుగా కారేది ఆ నీళ్లే, దానికి కంగారుపడి మెకానిక్ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. కాబట్టి ఏసీ వేసి, గుండ్రటి బాణం తీసేసి బయటి గాలి రానిచ్చి, గాలిని ముందద్దానికి పెడితే నిమిషంలో తేటపడుతుంది. లంబసింగి, అరకు వెళ్లేవాళ్లకి ఇది ముఖ్యం. చలిగా ఉందని ఏసీ కట్టేసి, ఐదుగురి ఊపిరితో అద్దం తెల్లబడితే, తల బయటికి పెట్టి ఘాట్ దిగుతారు. హీటరూ ఏసీ రెండూ ఒకేసారి వేసుకోవచ్చండీ, తప్పేం కాదు. మంచు ఏ వైపుందో తెలియకపోతే లోపలినుంచి వేలితో ఒక గీత గియ్యండి. గీత పడితే లోపల, పడకపోతే బయట.

ఇక సాకెట్.

మా బావ కొత్త కారు తీసుకున్నాడు. నిమ్మకాయలు తొక్కించారు, దండ వేశారు, కేకు కోయించారు, ఫొటో తీశారు. పాటలు ఫోన్‌నుంచి ఎలా పెట్టాలో అరగంట చూపించారు. గేరు దగ్గరున్న పన్నెండు వోల్టుల సాకెట్ మూత మీద "120 వాట్లు" అని రాసుంది, దాని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. తర్వాతి ఆదివారం బావ ఒక యాక్సెసరీస్ షాపుకెళ్లి మూడు నోళ్ల అడాప్టర్ తెచ్చాడు. ఒకదాంట్లో డ్యాష్‌క్యామ్, ఒకదాంట్లో ఫోన్ చార్జర్, మూడోదాంట్లో బుల్లి ఫ్రిజ్. ఫోన్ చార్జర్ పీకి ఆ నోట్లో టైర్లకి గాలి కొట్టే పంపు పెట్టేసరికి ఫ్యూజ్ పోయింది. షాపు కుర్రాడు నీలం ఫ్యూజ్ పీకి పచ్చది పెట్టి పంపాడు. "ఇంక జన్మలో పోదు సార్" అన్నాడట.

నిజమే, పోదు. అదే కదా భయం. నీలం అంటే 15 ఆంపియర్లు, పచ్చ అంటే 30. ఫ్యూజ్ పోవడం జబ్బు కాదు, దాని ఉద్యోగమే అది. వైరు కాలకముందు అది కాలాలి. ఆ వైరు తయారైంది పదిహేనుకి, దాంట్లో రెట్టింపు కరెంటు పారితే పుట్టే వేడి నాలుగింతలు. ఫ్యూజ్ హాయిగా కూర్చుంటుంది, కార్పెట్ కింద వైరు తొడుగు కరుగుతుంది. "బావా, పాతదే పెట్టించు" అంటే, "ఏటవుద్దిలే బామ్మర్దీ, ఊళ్లో అందరూ అలాగే తిరుగుతున్నారు కదేటి" అన్నాడు. చివరికి మా అక్క చేత చెప్పిస్తే గానీ మార్పించలేదు.

లెక్క పెద్ద కష్టమేం కాదు. వాట్లని పన్నెండుతో భాగిస్తే ఆంపియర్లు. నోళ్లు మూడున్నా వెనక వైరు ఒకటే, ఫ్యూజూ ఒకటే. ఫోన్లకి, డ్యాష్‌క్యామ్‌కి ఇబ్బంది లేదు. గాలి పంపు పెట్టినప్పుడు మిగతావన్నీ పీకేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, దాని డబ్బా మీద ఎన్ని నిమిషాలని రాసుందో అంతే వాడాలి. అరకులో టీ పెట్టుకుంటామని, సాకెట్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కి వెయ్యి వాట్ల కెటిల్ తగిలించేవాళ్లున్నారు. వెయ్యిని పన్నెండుతో భాగించండి, 83 వస్తుంది. ఈ పన్నెండు వోల్టుల సాకెట్ ఏ కారులోనూ అంత ఇవ్వదు. టీ అనంతగిరిలో కొట్టులో తాగండి, బాగుంటుంది కూడా.

ప్లగ్ వదులుగా ఉండి కదులుతుంటే అక్కడా వేడి పుడుతుంది. అసలు ఆ సాకెట్ పుట్టిందే సిగరెట్ అంటించుకోవడానికి, నాలుగు క్షణాల పనికి. గంటలకొద్దీ ప్లగ్ గట్టిగా పట్టుకోవడం దాని చేతకాదు. కాసేపు వాడాక ప్లగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటే ఆ చార్జర్ పారేయాలి. వాడనప్పుడు మూత పెట్టండి. టోల్‌గేట్ దగ్గర చిల్లర జారి అందులో పడితే షార్టే. కొన్ని కార్లలో తాళంచెవి తీసేసినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది, రాత్రంతా ఫ్రిజ్ వదిలేస్తే పొద్దున్నే కారు స్టార్టవదు. పవర్‌బ్యాంకులు, సెంటు స్ప్రేలు, లైటర్లు ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేసేవాళ్లకి వేరే చెప్పాలా?

ఏసీ వేసుకుని ఆగిన కారులో నిద్రపోవడం. ఇది నేరుగా ప్రాణం మీదికొచ్చే విషయం, దీని మీద ఏ ఫార్వర్డూ రాదు. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తెలిసేలోపు లేచే ఓపిక ఉండదు. మన ఊళ్లో దీనికి ఇంకో తోడుంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క కాపురముండే కార్ల సైలెన్సర్లు ఎంత తొందరగా తుప్పుపడతాయో ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. చిల్లు పడితే పొగ వెనక్కి పోకుండా సీట్ల కిందే పోగవుతుంది. అప్పుడు గుండ్రటి బాణం నొక్కినా పూర్తిగా ఆగదు, చిన్న చిన్న సందుల్లోంచి వస్తుంది. సెల్లార్ పార్కింగ్ అయితే సైలెన్సర్ బాగున్నా ప్రమాదమే. స్టేషన్ బయట, ఎయిర్‌పోర్టు బయట కునుకు తీసే క్యాబ్ అన్నయ్యల్ని నేను తప్పుపట్టను, వాళ్లకి పడుకోవడానికి ఒక నీడైనా ఎవరూ కట్టలేదు. ఇంజన్ ఆపి, అద్దాలు దించుకుని పడుకోండన్నా, దోమలైతే దోమలు.

పిల్లల విషయం రాయడానికి చెయ్యి రావడం లేదు. 2025 మేలో మన పక్కనే విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు, తలుపులు పడిపోయాయి, నలుగురూ పోయారు. ఎండలో కారు లోపల వేడి ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది, అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. ఇంటి ముందున్నా సరే కారు లాక్ చెయ్యండి, తాళం పిల్లలకి అందనివ్వకండి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది. మీదాంట్లో మోగుతుందేమో చూసుకుని, ముందు సీట్లోకి వచ్చి అది నొక్కాలని పిల్లలకి ఆటలాగా నేర్పండి. చైల్డ్ లాక్ ఉంటే వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. "ఏసీ వేసే వెళ్లాం, పాలప్యాకెట్ తెచ్చే లోపు ఏమవుద్ది" అనేవాళ్లకి ఒక్క మాట: ఇంజన్ ఏ కారణంతో ఆగినా ఏసీ కూడా ఆగుతుంది, అది మీకు ఫోన్ చేసి చెప్పదు.

ఇంకొకటి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు పైబడిన లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. చాలా మంచి పని. గాజువాక రోడ్డు మీద మే నెలలో లారీ తోలేవాళ్ల ముఖాలు చూసినవాళ్లెవరూ కాదనరు. కానీ వాళ్లు తోలేది అందులోనే, వండుకునేది దాని పక్కనే, పడుకునేది అందులోనే. ఇంతకాలం తెరిచి ఉన్న అద్దాలు ఇప్పుడు మూసుకుంటాయి. లారీ చేతికిచ్చే రోజు ఆ గుండ్రటి బాణం గురించీ, ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకోవడం గురించీ డ్రైవర్‌కి తెలుగులో పది నిమిషాలు చెప్పాలని కూడా ఆ నిబంధనలో ఒక లైను రాయొచ్చు కదా. కార్లకి ఎలాగూ కేకు కోస్తున్నారు, కోసే ముందు అదే పది నిమిషాలు మనకీ చెప్పొచ్చు.