కిలోఓమ్‌లు చూసి పికప్ కొనకండి

మళ్ళీ అదే ఫోటో, ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌ది (స్ట్రింగ్‌ల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే మాగ్నెట్, కాయిల్ ముక్క). మల్టీమీటర్ మీద 16.2 కిలోఓమ్‌లు, కింద "ఈ ధరకి ఇంత హాట్ పికప్ ఇంకోటి లేదు" అని రాత. హాట్ అంటే ఎక్కువ సిగ్నల్ ఇచ్చేదని. పది నిమిషాలైంది చూసి, ఇంకా మండుతూనే ఉంది. కామెంట్లలో అందరూ లింక్ అడిగేవాళ్ళే. ఏ గేజ్ (మందం) వైరు, ఏ మాగ్నెట్ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఆ అంకె చెప్పేది లోపల చుట్టిన రాగి వైరు రెసిస్టెన్స్. అంతకు మించి ఏమీ చెప్పదు. 42 గేజ్ వైరుతో పాత పద్ధతిలో చుట్టిన హంబకర్ (హమ్ తగ్గించడానికి రెండు కాయిల్స్ కలిపిన పికప్) సుమారు 7.5 నుంచి 8.5 కిలోఓమ్‌లు చూపిస్తుంది. అన్నే చుట్లు సన్నటి 44 గేజ్‌తో వేస్తే అదే పికప్ ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. ఒక్క చుట్టు పెరగలేదు, అంకె మాత్రం పెరిగింది. అంతెందుకు, 20 డిగ్రీల దగ్గర 8 కిలోఓమ్‌లున్న పికప్ 35 డిగ్రీల గదిలో దాదాపు 8.47 చూపిస్తుంది. రాగి వేడెక్కిందంతే, పికప్ మారలేదు. దీన్ని చూసి డబ్బు పెట్టమంటారా?

చూడాల్సింది ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుని కాయిల్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. పాతకాలపు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) సింగిల్ కాయిల్, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్, సుమారు 2.4 హెన్రీలు, ఎక్కువ చుట్లు చుట్టిన బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్‌లు ఆనే చోటు) వైపు హంబకర్ 8 హెన్రీల దాకా. కేబుల్‌తో కలిపి 600 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉందనుకుంటే మొదటిదాని పీక్ (సౌండ్ అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫ్రీక్వెన్సీ) 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, రెండోదానిది 2,300 దగ్గరే. ఆపైన సౌండ్ పడిపోతుంది. అంటే మీరు 'పవర్' అని కొంటున్నదానికి బదులుగా ట్రెబుల్ ఇచ్చేస్తున్నారు. డిస్టార్షన్‌లో బ్రిడ్జ్ మీద వాయించడానికే అయితే ఇచ్చేయండి, అది మంచి బేరమే. కానీ ఈ పోస్టులు చూసి అదే 16 కిలోఓమ్‌ల సెట్ నెక్ (గిటార్ మెడ) వైపు కూడా పెడుతున్నారు! నెక్ దగ్గర స్ట్రింగ్ ఎలాగూ వెడల్పుగా ఊగుతుంది, బాస్ ఎలాగూ ఎక్కువ. దానిమీద 8 హెన్రీలు పెడితే కార్డ్ కొట్టినప్పుడు ఏ నోటూ విడిగా వినపడదు. నెల తిరక్కుండా "ఆంప్ మార్చాలా?" అని ఇంకో పోస్ట్. ఇది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. పాపం ఆ ఆంప్ చేసిన తప్పేంటి?

అసలు పికప్ కొనేముందు స్క్రూడ్రైవర్ తీసుకోండి. చివరి ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర స్ట్రింగ్ నొక్కిపట్టి, పోల్ పీస్ (పికప్ పైన ఒక్కో స్ట్రింగ్ కింద ఉండే లోహపు ముక్క) నుంచి స్ట్రింగ్ అడుగు దాకా కొలవండి. హంబకర్‌కి బాస్ వైపు 2.4 మిల్లీమీటర్లు, ట్రెబుల్ వైపు 1.6 దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. ఆల్నికో (ఒక మిశ్రలోహపు మాగ్నెట్) రాడ్‌లున్న సింగిల్ కాయిల్‌ని మాత్రం అంత దగ్గరికి తేవద్దు. మాగ్నెట్ స్ట్రింగ్‌ని లాగేసి, లావు స్ట్రింగ్‌లు పై ఫ్రెట్లలో వణుకుతూ శ్రుతి తప్పుతాయి. అది ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా ఉండటం) తప్పనుకుని శాడిల్స్‌తో (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్‌లు ఆనే ముక్కలు) కుస్తీ పట్టేవాళ్ళు కోకొల్లలు.

తర్వాత పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్లు. హంబకర్ గిటార్‌లో 250 కిలోఓమ్‌ల పాట్ ఉంటే పికప్ ఏదైనా మొద్దుగానే వినిపిస్తుంది, అక్కడ 500 ఉండాలి. పాట్‌ల టాలరెన్స్ చాలాసార్లు 20 శాతం, కాబట్టి 500 అని రాసినది 400 ఉండొచ్చు. బిగించకముందే మీటర్ పెట్టి చూడండి. మీటర్ నిజంగా పనికొచ్చే చోటు అది, అక్కడ ఎవరూ వాడరు.

అప్పటికీ చౌక హంబకర్ గరగరమంటుంటే మాగ్నెట్ మార్చి చూడండి. అడుగునున్న నాలుగు స్క్రూలు వదులు చేసి, సెరామిక్ బార్ పక్కకి జరిపి తీసి, అదే కొలతలో ఆల్నికో 5 పెట్టండి. కొత్త పికప్‌తో పోలిస్తే ఖర్చు నామమాత్రం. పాత మాగ్నెట్ ఏ ధ్రువం ఎటుందో దిక్సూచితో చూసి గుర్తుపెట్టుకోవడం తప్పనిసరి. తిరగేస్తే రెండు పికప్‌లూ కలిపినప్పుడు సౌండ్ పీలగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. సింగిల్ కాయిల్ అయితే పికప్‌నే బోర్లించి చూడండి. అడుగున నల్లటి బార్లు అంటించి ఉంటే అవి సెరామిక్, పోల్ పీసులు ఉత్త ఉక్కు. దాన్ని 'వింటేజ్' అని అమ్మడం మోసం.

పోల్ స్పేసింగ్ (రెండు చివరి పోల్ పీసుల మధ్య దూరం) సంగతీ అంతే. సుమారు 50 మిల్లీమీటర్లది, సుమారు 53 మిల్లీమీటర్లది రెండూ దొరుకుతాయి. మీ గిటార్‌లో పికప్ కూర్చునే చోట రెండు చివరి స్ట్రింగ్‌ల మధ్య దూరం కొలిచి కొనాలి. కానీ ఎంతమంది అమ్మకందారులు ఆ కొలత రాస్తున్నారు? కిలోఓమ్‌లు మాత్రం పెద్దక్షరాల్లో ఉంటాయి.

ఇక ఏళ్ళ తరబడి కడుపు మండించే విషయం ఇదే. నాలుగు వైర్ల హంబకర్ పంపుతారు, ఏ రంగు ఏదో చెప్పే చీటీ ఉండదు! సీమోర్ డంకన్ కంపెనీవాటిలో నలుపు హాట్ (సిగ్నల్ బయటికి వచ్చే వైరు), ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపు తెలుపు కలపాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపు తెలుపు కలపాలి. మొదటి రకాన్ని రెండోదాని పద్ధతిలో కలిపితే ఒక కాయిల్ తనలో తానే మూసుకుపోయి, రెండోదే పనిచేస్తుంది. సౌండ్ సన్నగా, హమ్ బోలెడు. కొత్తగా గిటార్ కడుతున్న పిల్లవాడు "చౌకది కదా, ఇంతే" అనుకుని దాన్ని పక్కన పడేస్తాడు. పికప్‌లో ఏ లోపమూ లేదు, రంగులే వేరు.

చీటీ లేకుండా వస్తే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందు ఇది చేయండి. ఏ రెండు వైర్ల మధ్య రీడింగ్ వస్తే అవి ఒక కాయిల్. మీటర్‌ని 20 కిలోఓమ్‌ల రేంజ్‌లో ఆ కాయిల్‌కి పెట్టి, స్క్రూడ్రైవర్‌ని రెండు కాయిల్స్ పోల్ పీసుల మీద అడ్డంగా ఆనించి చటుక్కున పైకి లాగండి. రీడింగ్ ఒక్క క్షణం పెరిగితే ఎర్ర ప్రోబ్ ఉన్న వైరు ప్లస్, తగ్గితే నల్ల ప్రోబ్‌ది ప్లస్. రెండో కాయిల్‌కీ అలాగే. మొదటిదాని ప్లస్ హాట్‌కి, దాని మైనస్ రెండోదాని ప్లస్‌కి, మిగిలిన మైనస్ బేర్ వైరుతో (పైన తొడుగు లేనిది) కలిపి గ్రౌండ్‌కి.

అయినా ఇదంతా డబ్బిచ్చి కొన్నవాడు చేయాల్సిన పనా? నాలుగు రంగుల పేర్లు పెట్టె మీద అచ్చు వేయండయ్యా.